అడగని దారి

ఆ వేసవి మొత్తం మా అత్తయ్య హానా తన కన్నకొడుకుతో ఒక్క మాట మాట్లాడలేదు. ఒకే బల్ల దగ్గర కూర్చునేవాళ్ళు, ఒకే కూజాలోంచి టీ పోసుకునేవాళ్ళు. అతనికి చెప్పాల్సింది ఏదైనా ఉంటే నా చేత చెప్పించేది. "నెల్, మీ ఆయనకి చెప్పు, టీ చల్లారిపోతోందని," అనేది. మా ఆయన క్లెమ్ ఆమెకి ఎదురుగా, చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఉండేవాడు. "విన్నానని చెప్పు," అనేవాడు నాతో. వాళ్ళిద్దరి మధ్యా పోస్టు మోసి మోసి నా ప్రాణం విసిగిపోయేది. కానీ ఆ కోపం ఎక్కడ పుట్టిందో నాకూ తెలుసు గనక నోరు మూసుకుని మోసేదాన్ని.

జనవరిలో మా మామయ్య ఏమస్ పోయారు. మంచులో కూరుకుపోయిన గొర్రెల్ని తవ్వి తీస్తుంటే రాతిగోడ కూలి ఆయన మీద పడింది. క్లెమ్, పక్క పొలం జాస్ కలిసి ఆయన్ని గొర్రెల దొడ్డి తడిక మీద పడుకోబెట్టి, బీడు మీదుగా కిర్క్‌హోమ్ ఊరికి మోసుకెళ్ళారు. డాక్టరు అక్కడే ఉంటాడు. మా బీడు మీద నుంచి ఊళ్ళోకి దగ్గర దారి శవాల బాట. పైన చర్చి లేని కాలంలో చనిపోయినవాళ్ళని కింద చర్చికి మోసుకుపోయిన బాట అది. స్కెల్‌గార్త్ అనే పెద్దింటి పెరట్లోంచి పోయి వంతెన దగ్గర తేలుతుంది. ఆ రోజు పెరటి గేటుకి తాళం వేసి ఉంది. ఆ ఇల్లు కొన్న ప్రెస్కాట్ మేడ మీద కిటికీ తెరిచి, "దారి లేదు. చుట్టూ తిరిగి వెళ్ళండి," అన్నాడు. క్లెమ్ వెనక్కి తిరిగాడు. బండిబాట మీద సగం దూరం పోయేసరికి మామయ్య ప్రాణం పోయింది.

అత్తయ్యకి అప్పట్నుంచి ఇద్దరి మీద కక్ష. తాళం వేసినవాడి మీద ఒకటి, తాళం చూసి వెనుదిరిగినవాడి మీద ఒకటి. "పాత చెక్క గేటు. ఒక్క తన్ను తంతే ఊడి వచ్చేది," అంది నాతో, శవం ఇంకా ఇంట్లో ఉండగానే. క్లెమ్ గుమ్మంలోనే ఉన్నాడు. విని, ఏ జవాబూ చెప్పకుండా గొర్రెల దగ్గరికి వెళ్ళిపోయాడు. జవాబు లేనివాడితో మాటలేమిటని ఆమె ఆ రోజే మానేసింది.

మాకు ఏటా వేసవి సెలవులకి అతిథులు వచ్చేవారు. పైన రెండు గదులు వాళ్ళకిచ్చి మేం వంటింటి వెనక సర్దుకునేవాళ్ళం. లీడ్స్ నుంచి, బర్మింగ్‌హామ్ నుంచి బడిపంతుళ్ళు, బ్యాంకు గుమాస్తాలు, కొత్తగా పెళ్ళయినవాళ్ళు మెడలో మ్యాపు సంచీ వేలాడేసుకుని దిగేవారు. బీడు మీద నిలువురాళ్ళ వలయం, సీసం గనుల పాడుబడ్డ పొగగొట్టం, రోమన్లు వేశారని చెప్పుకునే రాళ్ళ రోడ్డు చూసి, బూట్లకి బురద పట్టించుకుని ఆనందంగా వెళ్ళేవారు. వాళ్ళని తిప్పే పని మామయ్యది. ఆయన ఒక్కో రాయికి ఒక్కో కథ చెప్పేవారు, సగం అక్కడికక్కడే కల్పించి. ఆ ఏడాది ఎవరు తిప్పుతారా అని నేను తల పట్టుకుంటే అత్తయ్య కర్ర తీసుకుని లేచింది.

"నేను తిప్పుతా," అంది.

ఆమె తిప్పుడు అందరి తిప్పుడులాంటిది కాదు. మామయ్య గంటసేపు చెప్పే నిలువురాళ్ళ దగ్గర ఆగి, "రాళ్ళు. పాతవి," అనేది. గనుల దగ్గర, "మా తాత ఇందులోనే దగ్గి దగ్గి పోయాడు. పదండి," అనేది. పంతుళ్ళు పాపం పుస్తకం తెరిచేలోపు ఆమె ముందుకెళ్ళిపోయేది. చివరికి అందరినీ శవాల బాట మీదుగా స్కెల్‌గార్త్ గేటు దగ్గరికి తీసుకొచ్చి అక్కడ నిలబెట్టేది. అక్కడ మాత్రం ఆమెకి తొందర ఉండేది కాదు. మంచు ఎంత లోతు పడిందో, తడిక ఎవరు ఎటువైపు పట్టుకున్నారో, కిటికీ ఏదో, ఏ రెక్క తెరుచుకుందో కర్ర చాపి చూపించి పూసగుచ్చినట్టు చెప్పేది. "ఇక్కడే మా ఆయన్ని చంపారు. కావాలంటే ఫొటో తీసుకోండి," అనేది. వాళ్ళు మర్యాదకి తీసుకునేవారు.

గేటుకి అవతల పచ్చికలో ప్రెస్కాట్ అతిథులు కుర్చీల్లో కూర్చుని టీ తాగుతూ ఇదంతా వినేవారు. ఆయనా సెలవుల వ్యాపారమే చేసేవాడు, మాకంటే పెద్ద ఎత్తున. లండన్ నుంచి వచ్చినవాళ్ళకి పాతకాలపు పల్లె బతుకు చూపిస్తానని, గోడల నిండా మా తాతల నాటి వెన్న చిలికే చట్రాలు, గొర్రె బొచ్చు కత్తెర్లు, పొయ్యిలో కట్టెల్లా మండే పీట్ మట్టి కోసే పారలు తగిలించాడు. ఆ పారలతోనే మేం ఇంకా పొయ్యిలోకి మట్టి కోసుకుంటున్నామని వాళ్ళకి చెప్పేవాడో లేదో తెలీదు. పాత వస్తువులంటే ఆయనకి ప్రాణం. పాత మనుషులంటేనే పడేది కాదు.

నిజం చెప్పాలంటే మామయ్య పోయిన వారానికే ఆయన తాళం తీసేశాడు. గేటుకి తెల్ల బోర్డు పెట్టాడు: నడిచేవారికి స్వాగతం, దయచేసి ఇంటి దగ్గర అడిగి వెళ్ళండి, అని. ఆ బోర్డు చూసినప్పుడల్లా అత్తయ్యకి తాళం చూసినదానికంటే ఎక్కువ మండేది.

మా వైపు ఒక నమ్మకం ఉంది. ఒకరి నేల మీదుగా శవాన్ని మోసుకుపోతే ఆ నేల ఎప్పటికీ అందరి దారి అయిపోతుంది. ఇక దాన్ని ఎవరూ మూయలేరు. అలా కాకూడదంటే శవం వెంట వచ్చినవాళ్ళు ఇంటివాళ్ళని అడిగి, గేటు స్తంభానికి ఒక గుండుసూది గుచ్చి పోవాలి. అడిగి పోయాం, మీ దయతో పోయాం అని దాని అర్థం. స్కెల్‌గార్త్ పాత యజమానులు ఏ శవాన్నీ ఆపలేదు కానీ, సూది లేకుండా ఒక్కదాన్నీ పోనివ్వలేదు. ఆ స్తంభం నిండా తుప్పు పట్టిన సూదులే. వాటిలో మా అత్తయ్య తల్లిదండ్రులవీ ఉన్నాయి.

జూన్‌లో ఒక రోజు నేను దుప్పట్లు ఆరేస్తుంటే ప్రెస్కాట్ నడుచుకుంటూ మా ఇంటికి వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, నార టోపీ పెట్టుకుని ఉంటాడు. మీ అత్తగారితో మాట్లాడాలన్నాడు. అత్తయ్య చేతులకి వెన్నతోనే బయటికొచ్చింది. ఆయన చాలా మర్యాదగా మొదలుపెట్టాడు. జరిగినదానికి బాధ పడుతున్నానన్నాడు, తన అతిథులు ఇబ్బంది పడుతున్నారన్నాడు, గేటు ఎప్పుడూ తెరిచే ఉంటుందన్నాడు.

"మీరు ఎప్పుడైనా రావచ్చు, హానాగారూ. ఒక్కసారి తలుపు తట్టండి, అంతే."

"తట్టడం దేనికి?" అంది అత్తయ్య.

"మర్యాద కోసం."

"అడిగి నడిస్తే అది దారి కాదు నాయనా, బిచ్చం. నా మొగుడు ఎప్పుడూ ఎవరి దగ్గరా ఎత్తలేదు. నేనూ ఎత్తను." వెన్న చేతులు పైగుడ్డకి తుడుచుకుంది. "మీ వాళ్ళకి ఇబ్బందిగా ఉంటే టీ లోపల తాగమను."

ఆయన ముఖం మాడ్చుకుని వెళ్ళిపోయాడు. నాకు కడుపు చల్లబడింది. ఆ పూట దుప్పట్లు కూడా త్వరగా ఆరాయి. ఆ ఏడు ఎండలు అలా ఉన్నాయి మరి. మే నెల నుంచి చుక్క వాన లేదు. వంతెన కింద వాగు ఎండి రాళ్ళు తేలాయి. బీడు మీద పీట్ మట్టి పొడిపొడిగా లేచి కళ్ళల్లో పడేది. ఎవరూ చుట్ట ముట్టించవద్దని కనబడిన ప్రతి స్తంభానికీ కాగితాలు అంటించారు.

ఆ ఎండల్లో తిరిగి తిరిగి అత్తయ్య కాళ్ళు వాచాయి. డాక్టరు వచ్చి గుండె బాగా లేదన్నాడు, తిరగొద్దన్నాడు. మరునాడు మళ్ళీ గేటు దాకా వెళ్ళింది. తిరిగొచ్చేటప్పుడు ఇద్దరు అతిథులు రెక్కలు పట్టుకుని తీసుకొచ్చారు. ఇక లేవలేదు. కింద గదిలో పొయ్యి పక్కన మంచం వేశాం.

ఒక సాయంత్రం నన్ను దగ్గరికి పిలిచింది.

"నన్ను శవాల బాట మీదుగానే తీసుకెళ్ళాలి. మోటారు బండి ఎక్కించారో చూడండి."

"అలాగే అత్తయ్యా."

"అడక్కుండా పోవాలి. సూది గుచ్చకుండా పోవాలి. ఆ స్తంభానికి ఉన్న సూదులన్నీ టోపీ తీసి, తల వంచుకుని పోయినవాళ్ళవి. అందుకే అది ఇవాళ్టికీ వాళ్ళ పెరడే. ఒక్క శవం గుచ్చకుండా పోతే చాలు. ఆ ఒక్కటీ నేనే అవుతా. ఇక ఏ వెధవా తాళం వెయ్యలేడు."

ఆమె కళ్ళు మెరుస్తున్నాయి. చావు గురించి అంత హుషారుగా మాట్లాడిన మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు. తన ఒంటి మీద ఒక్క సూది ఉండకూడదంది. బట్టలన్నీ కుట్టాలి, జుట్టుకి కూడా దారమే కట్టాలి, వాడికి ఏ సాకూ దొరక్కూడదు అంది. అప్పుడే క్లెమ్ పీట్ మట్టి గంప పట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు. ఆమె అతని వైపు చూడకుండా గొంతు పెంచింది.

"శవపెట్టెకి ముందు కుడి భుజం నీ మొగుడిది. ఈసారి కూడా వెనక్కి తిరిగాడో, పెట్టె మూత తన్నుకుని లేస్తానని చెప్పు."

క్లెమ్ గంప దించాడు. "తిరగనని చెప్పు," అన్నాడు నాతో.

నాకు ఒళ్ళు మండింది. చావు ముంగిట కూడా ఈ రాయబారాలేమిటి? అతను వెళ్ళాక ఆమె చెయ్యి పట్టుకున్నాను.

"ఒక్క మాట అతనితోనే అనండి అత్తయ్యా. ఒక్కటి చాలు. మనిషి చిక్కి సగమయ్యాడు."

"అంటాలే," అంది. "గేటు దాటాక."

ఆగస్టులో, బీడంతా హెదర్ పొదలు ఊదారంగు పూత పూసిన వారంలో, అత్తయ్య పోయింది. అప్పుడు క్లెమ్ మంచం పక్కనే ఉన్నాడు. ఆమె నా వైపే చూస్తూ పోయింది. నేను ఏడవలేదు. నాకు చాలా పని ఉంది. ఆమె తెల్ల గౌను అంచులన్నీ నేనే కుట్టాను, మెడ దగ్గరా, చేతుల దగ్గరా, దుప్పటి చుట్టూ. క్లెమ్ సంతాపానికి భుజాన పిన్నుతో పెట్టుకునే నల్లగుడ్డ తెచ్చి, దీన్ని కూడా కుట్టెయ్యమన్నాడు. అతని చొక్కా విప్పించకుండానే కుట్టాను.

మోసుకెళ్ళే రోజు పొద్దున్నే లోయలో జనమంతా మా వాకిట్లో చేరారు. నేను అందరినీ వరసగా తనిఖీ చేశాను. జాస్ టై పిన్ను తీయించాను. ఆడవాళ్ళ టోపీ పిన్నులు తీయించి టోపీలకి నాడాలు కట్టించాను. జాస్ వాళ్ళావిడ నసిగింది, బీడు గాలికి తన కొత్త టోపీ ఎగిరిపోతుందని. ఎగిరిపోతే పోనీ, నేను వెతికి తెస్తానన్నాను. పిన్నులన్నీ డబ్బాలో వేసి ఇంట్లో పెట్టి తాళం వేశాను.

ఆరుగురు మోశారు. ముందు కుడి వైపు క్లెమ్. దారిలో పెట్టె దించి ఊపిరి పీల్చుకోవడానికి వెనకటివాళ్ళు వేసిన బల్లపరుపు రాళ్ళు, దింపుడు రాళ్ళు, అక్కడక్కడా ఉన్నాయి. ప్రతి రాయి దగ్గరా మనుషులు మారారు, క్లెమ్ మాత్రం మారలేదు. ఎండ నడినెత్తిన ఉంది. పూల మీద తేనెటీగల రొద తప్ప ఇంకో చప్పుడు లేదు. క్లెమ్ మెడ మీద చెమట చొక్కాలోకి కారుతుంటే నేను వెనక నుంచి చూస్తూ నడిచాను. ఆ గేటు దగ్గర ఏం చేస్తాడో నాకు తెలీదు. క్లెమ్ మెత్తని మనిషి. గొర్రె కాలు తొక్కితే దానికి క్షమాపణ చెప్పే రకం. ఈసారి కూడా వెనక్కి తిరిగితే అతను జీవితాంతం తల ఎత్తడని నాకు తెలుసు. నాతో సహా ఎవరి ముందూ ఎత్తడు.

గేటు బార్లా తెరిచి ఉంది.

ప్రెస్కాట్ నల్ల సూటు వేసుకుని పక్కన నిలబడ్డాడు. ఆయన వెనక ఇంట్లో దిగినవాళ్ళంతా టోపీలు తీసి రెండు వరసలు కట్టారు. ఇద్దరి మెడల్లో కెమెరాలు ఉన్నాయి. ప్రెస్కాట్ అరచేతిలో చిన్న మఖమలు దిండు, దాని మీద తళతళలాడే కొత్త గుండుసూది ఒకటి.

"అంతా మీ ఆచారం ప్రకారమే జరగాలి," అన్నాడు, గొంతులో నిజంగానే తడితో. "చర్చి ఫాదర్‌గారు నాకు వివరించారు. మీ దగ్గర లేకపోతే ఇబ్బంది పడకూడదని నేనే ఒకటి తెచ్చాను. స్తంభానికి గుచ్చి వెళ్ళండి. హానాగారికి ఇది మా గౌరవం."

గౌరవమో, పెరడు పోకుండా కాపాడుకునే తెలివో నాకు ఇప్పటికీ తెలీదు. రెండూ అయ్యుండొచ్చు. లండన్ వాళ్ళకి చూపించడానికి ఒక పాతకాలపు తంతు కూడా దొరికింది. గోడకి తగిలించిన పారల వరసలో మా అత్తయ్యని కూడా తగిలించాడు. ఆ సూది తీసుకుని ఎక్కడ గుచ్చాలో ఆ క్షణంలో నాకు బాగా తెలుసు. మేమున్నచోటు నుంచి ఒక్క అడుగు వేస్తే చాలు.

గేటుకి ఇవతల ఆఖరి దింపుడు రాయి ఉంది. క్లెమ్ సైగ చేస్తే పెట్టె దాని మీద దించారు. అతను నడుం నిటారుగా చేసుకుని, ముఖం తుడుచుకుని, ప్రెస్కాట్ ముందుకి వెళ్ళాడు.

"సూది వద్దండి. గేటు తెరవడం కూడా వద్దు. మూసెయ్యండి."

"అర్థం కాలేదు, క్లెమ్."

"మూసి, జనవరిలో ఏమన్నారో అదే అనండి. మీరు వద్దంటే మేం ఇందులోంచే పోతాం. దయతలచి పొమ్మంటే పోం, ఇక్కడే కూర్చుంటాం."

జాస్ అప్పటికే గడ్డి మీద కూర్చోబోతున్నాడు. ప్రెస్కాట్ వెనక్కి తిరిగి తన అతిథుల వంక చూశాడు, మళ్ళీ మా వంక చూశాడు.

"ఇంతమంది ముందు ఆ సంగతులెందుకు? ఇది సమయం కాదు."

"ఆ రోజు కూడా అందరి ముందే అన్నారు. నేనున్నాను, జాస్ ఉన్నాడు, మా నాన్న ఉన్నాడు." క్లెమ్ గొంతు పెరగలేదు. గొర్రెల బేరం మాట్లాడుతున్నట్టే ఉంది. "మీరన్నది మా నాన్న విన్నాడు. 'గొడవ వద్దురా, తిప్పు' అన్నాడు నాతో. తిప్పాను. అదే ఆయన ఆఖరి మాట."

జాస్ తల దించుకున్నాడు. అతనికి తెలుసు. ఇన్ని నెలలూ ఇద్దరికీ తెలుసు. నా మొగుడు పిరికివాడై తిరగలేదు, తండ్రి మాట విని తిరిగాడు. ఆ మాట వినాల్సిన మనిషి నా పక్కనే పెట్టెలో పడుకుని ఉంది, చుట్టూ నేను కుట్టిన కుట్లతో. ఆ మూత మీద పిడికిళ్ళతో బాది ఆమెని లేపాలనిపించింది నాకు. లేచి విను, ముసలీ, నీ కొడుకు ఏమంటున్నాడో.

ప్రెస్కాట్ చేతిలో దిండు కిందికి వంగింది. సూది గడ్డిలో పడిపోయింది.

"అప్పటికి ప్రాణం ఉందా?" అన్నాడు.

క్లెమ్ తల ఊపాడు.

"ముఖం మీద గోనె కప్పి ఉంది," అన్నాడు. ఇప్పుడు ఆయన అతిథుల్ని మర్చిపోయాడు. "శవమనుకున్నాను. శవం దాటితే పెరడంతా దారి అయిపోతుందని ఈ ఇల్లు అమ్మినవాళ్ళు చెప్పారు. సూది సంగతి చెప్పకుండా, ఎవర్నీ రానివ్వొద్దన్నారు. బతికున్న మనిషని తెలిస్తే నేనే పరిగెత్తుకొచ్చి తాళం తీసేవాణ్ణి. నమ్మండి."

"గోనె కప్పింది నేనే," అన్నాడు క్లెమ్. "కళ్ళల్లో మంచు పడుతోందని."

తేనెటీగలు రొద పెడుతూనే ఉన్నాయి. అతిథుల్లో ఒకావిడ మెడలోంచి కెమెరా తీసి వెనక దాచుకుంది. ప్రెస్కాట్ చెయ్యి ముందుకి చాచాడు, క్లెమ్ భుజం మీద వెయ్యడానికేమో. క్లెమ్ ఆ చెయ్యి అందనంత వెనక్కి జరిగాడు.

"అనండి," అన్నాడు.

ఆయనే వెళ్ళి గేటు మూశాడు. మూసి, దాని మీద రెండు చేతులూ వేసి, నేల చూపులు చూస్తూ అన్నాడు. "దారి లేదు." తరవాత ఇంకా చిన్నగా, "చుట్టూ తిరిగి వెళ్ళండి," అన్నాడు.

క్లెమ్ వంగి తన మూల అందుకున్నాడు. పెట్టె లేచింది. అతను గేటుని మోకాలితో తోశాడు, అది తెరుచుకుంది. మేం పచ్చిక మీదుగా, టీ బల్లల మధ్య నుంచి వంతెన వైపు నడిచాం. ఎవరూ ఎవరినీ ఏమీ అడగలేదు.

అత్తయ్యని మామయ్య సమాధి పక్కనే పూడ్చాం. అందరూ వెళ్ళాక కూడా క్లెమ్ అక్కడే నిలబడ్డాడు. గేటు దాటాక అంటానన్న ఆ ఒక్క మాట వినపడిందా అని నేను అడగలేదు. ఇంటికొచ్చే దారిలో మాత్రం ఆపుకోలేక కడిగేశాను. ఇన్ని నెలలు ఆమె చేత అన్ని మాటలు పడుతూ ఎందుకు చెప్పలేదు, నాకైనా ఎందుకు చెప్పలేదు అని.

"చెప్తే ఆ కోపం నాన్న మీదికి పోయేది," అన్నాడు.

"నీ మీద ఉంటే ఫర్వాలేదా?"

"నేను బతికున్నాగా. మోస్తాను," అన్నాడు.

ప్రెస్కాట్ అతిథులు మరునాడే సగంమంది సామాన్లు సర్దుకున్నారు. తరవాత రావాల్సినవాళ్ళు రాలేదు. లోయలో ఆయనకి పాలు అమ్మేవాళ్ళు లేరు, గుడ్లు అమ్మేవాళ్ళు లేరు. ఎవరూ కూడబలుక్కోలేదు, ఊరికే అమ్మలేదు. తెల్ల బోర్డు మాయమైంది. మా అతిథులు రోజూ శవాల బాట మీదుగా పెరట్లోంచే ఊళ్ళోకి పోయి వచ్చేవారు. వాళ్ళని తిప్పే పని క్లెమ్ తీసుకున్నాడు. నలుగురిలో నోరు విప్పని మనిషి, గేటు దగ్గర ఆగి, "ఇది మా అమ్మ వేసిన దారి," అనడం నా చెవులతో విన్నాను. ఆ మాట అంటున్నప్పుడు అతని భుజాలు తండ్రి భుజాల్లా కనిపించేవి.

సెప్టెంబరు ఆఖరులో లిడ్గెట్ అనే పెద్దాయన వారం రోజులు మా ఇంట్లో దిగాడు. జిల్లా ఆఫీసులో కాలిబాటల హక్కులు చూసే పని చేసి రిటైరయ్యాడు. సెలవులకి వచ్చి కూడా బాటలే చూసుకునేవాడు. ఒక పొద్దున క్లెమ్ బీడు మీద నుంచి గొర్రెల్ని కిందికి దించుతున్నాడు. నేను గుడ్డు వేయించి పెడుతూ, గొప్పగానే, మా కథ చెప్పాను. ఆయన ఫోర్కు కింద పెట్టాడు.

"శవం మోస్తే దారి అవుతుందా? అలాంటి చట్టం ఈ దేశంలో ఎప్పుడూ లేదమ్మా," అన్నాడు నెమ్మదిగా. "చాలా ఊళ్ళలో అలా నమ్ముతారు. ఉత్త నమ్మకం, అంతే."

"సూది గుచ్చకపోయినా?"

"గుచ్చినా, గుచ్చకపోయినా."

క్లెమ్‌తో ఈ మాట అనొద్దని ఆయన్ని బతిమాలుకున్నాను. ఆయన మంచివాడు, సరేనన్నాడు. నేను పొయ్యి ముందు కూర్చుని ఆ ముక్క చాలాసేపు నమిలాను. లేని చట్టం కోసం అత్తయ్య చావుకి ఎదురు చూసింది. లేని చట్టం కోసం క్లెమ్ భుజం కాయ కాచింది. లేని చట్టానికి భయపడి ఒకడు కిటికీలోంచి ఒక మాట అన్నాడు, మా మామయ్య బండిబాట మీద చచ్చిపోయారు. మొదట ఏడుపొచ్చింది. ఆ తరవాత, ఈ చివరి ముక్క ఎవరి చెవిన పడాలో తట్టగానే ఏడుపు ఆగిపోయింది. ఒక్క గుటకలో టీ తాగి, శాలువా కప్పుకుని బయల్దేరాను.

ప్రెస్కాట్ తనే తలుపు తీశాడు. ఇంట్లో ఎవరూ లేరు. నన్ను చూడగానే ఆయన ముఖంలో ఆశ కనిపించింది. రాజీకి వచ్చాననుకున్నాడు కాబోలు. లోపలికి రమ్మన్నాడు, టీ పెడతానన్నాడు. గడప మీదే నిలబడి లిడ్గెట్ చెప్పింది చెప్పాను. ఆయన మొదట బుర్ర ఊపుతూ విన్నాడు. మధ్యలో ఊపడం ఆగింది.

"అంటే ఆ రోజు..." అన్నాడు.

"ఆ రోజు తడిక మీద ఉన్నది శవమే అయినా మీ పెరడు మీకే ఉండేది. గడ్డిపోచ పోయేది కాదు. మీరు తాళం తీసుంటే మా మామయ్య డాక్టరు దగ్గరికి చేరేవారు. మీ నేల మీ దగ్గరే ఉండేది, మా మనిషి మా దగ్గర ఉండేవాడు."

ఆయన గోడకి చెయ్యి ఆనించాడు. అక్కడ తగిలించిన గొర్రె బొచ్చు కత్తెర కదిలి గోడకి కొట్టుకుంది.

"ఇప్పుడైనా తాళం వేసుకోవచ్చు. చట్టం మీ వైపే ఉంది," అన్నాను.

"క్లెమ్‌కి తెలుసా?"

"తెలీదు. మీరు చెప్పరు. మళ్ళీ తాళం పడితే అతనికి తెలిసిపోతుంది, అందుకని అది కూడా వెయ్యరు."

"మరి నాకెందుకు చెప్పారు?" అన్నాడు. నిజంగా అడిగాడు, చిన్నపిల్లాడిలా. "నాకు తెలియకపోతే ఎవరికి నష్టం?"

"జనవరి నుంచి మా ఆయన మోశాడు," అన్నాను. "ఇక మీరు మొయ్యండి."

ప్రెస్కాట్ ఆ ఇల్లు అమ్మలేదు. అమ్మితే కొన్నవాడు తాళం వేస్తాడేమోనని భయపడ్డాడనుకుంటాను. చాలా ఏళ్ళు అక్కడే ఒక్కడే ఉన్నాడు. వేసవి రాగానే క్లెమ్ అతిథుల్ని వెంటబెట్టుకుని పెరట్లోంచి పోయేవాడు, తన తల్లి వేసిన దారి గురించి చెప్పుకుంటూ. నేను టిఫిన్ బుట్టతో వెనక నడిచేదాన్ని. మేడ మీద కిటికీ దగ్గర ఆయన నిలబడి ఉండేవాడు. నేను ప్రతిసారీ ఆగి, తలెత్తి, గుడ్ మార్నింగ్ చెప్పేదాన్ని. ఒక్క రోజు కూడా మానలేదు.